ట్రెజర్ ఐలాండ్ సగంలో ఆపేసిన పిల్లకి కుదించిన పుస్తకం ఇవ్వాలా?

"11 ఏళ్ల మా అమ్మాయి ట్రెజర్ ఐలాండ్ సగం చదివి ఆపేసింది. కథ ఎటు పోతోందో తెలియడం లేదంటోంది. పిల్లల కోసం కుదించిన పుస్తకం కొనివ్వమంటారా?" అని అడిగారు.

వద్దండీ, దయచేసి కొనకండి. ముందు తను ఏ అధ్యాయం దగ్గర ఆగిందో చూడండి. పదహారో అధ్యాయమో, దాని పక్కదో అయి ఉంటుందని నా గట్టి నమ్మకం. ఆ వయసులో నేనూ అక్కడే చిక్కుకుపోయాను.

నిధి కోసం ఓడెక్కి ఒక దీవికి వెళ్లినవాళ్ల కథ ఇది, రాసింది స్టీవెన్సన్. అంతవరకూ కథ చెప్పేది జిమ్ హాకిన్స్ అనే కుర్రాడు. సత్రానికి వచ్చిన ముసలి నావికుడు, పెట్టెలో దొరికిన పటం, ఆపిల్ పీపాలో కూర్చుని విన్న కుట్ర, అన్నీ "నేను" అంటూ చెబుతాడు. చదువుతూ చదువుతూ నేనే జిమ్‌ని అయిపోయాను. పదిహేనో అధ్యాయంలో, మూడేళ్లుగా దీవిలో ఒంటరిగా బతుకుతున్న బెన్ గన్ అతనికి ఎదురవుతాడు. ఫిరంగి మోగుతుంది. చెట్ల పైన బ్రిటిష్ జెండా ఎగురుతూ కనిపిస్తుంది. ఆత్రంగా పేజీ తిప్పాను. కెప్టెనూ, జమీందారూ, "నేనూ" ఓడ గదిలో కూర్చుని మాట్లాడుకుంటున్నాం!

దీవి మీద ఉన్నవాడు ఓడలోకి ఎప్పుడొచ్చాడు? పేజీలు ఊడిపోయాయేమోనని కుట్టు దగ్గర వేలు పెట్టి చూశాను. నంబర్లు వరసగానే ఉన్నాయి. సరే అని ముందుకు పోతే, హంటర్ అనే పనివాడు వచ్చి జిమ్ హాకిన్స్ పడవలోకి దూరి ఒడ్డుకి వెళ్లిపోయాడని చెప్పాడు. మరి ఈ "నేను" ఎవరు? ఆ తర్వాత తుపాకులు పేలాయి, బరువెక్కువైన పడవ మునిగింది, పాపం ముసలి రెడ్రూత్ చచ్చిపోయాడు. నాకు ఒక్కటీ ఎక్కలేదు. పద్ధెనిమిదో అధ్యాయం చివర "నేను" గుమ్మం దగ్గరికి పరిగెత్తి చూసేసరికి జిమ్ హాకిన్స్ కంచె ఎక్కి లోపలికి వస్తున్నాడు. ఏడుపొచ్చేసింది.

పుస్తకం తీసుకెళ్లి మా పిన్నిని అడిగాను. తను నవ్వలేదు. పదహారో అధ్యాయం మొదట్లో, పేరు పక్కన చీమల్లా అచ్చేసిన లైను చూపించింది. "ఇక్కణ్ణించి ఓడలో ఉన్న డాక్టరు లివ్సీ చెబుతున్నాడురా. జిమ్ దీవి మీద ఉన్నాడు కదా, ఓడలో ఏం జరిగిందో వాడికెలా తెలుస్తుంది?" అంది. ఒక కాగితం మీద ఓడ ఇక్కడ, దుంగల ఇల్లు ఇక్కడ, జిమ్ ఈ చెట్లలో అని గీసింది. ఆ కాగితం పక్కన పెట్టుకుని ఆ మూడు అధ్యాయాలూ మళ్లీ చదివాను. ఏ పడవ ఎందుకు మునిగిందో, జెండా ఎవరెత్తారో, ఫిరంగి ఎవరు పేల్చారో అన్నీ ఒక్కసారిగా తెలిశాయి. పందొమ్మిదిలో జిమ్ మళ్లీ కథ అందుకునేసరికి, పోయాడనుకున్న స్నేహితుడు తిరిగొచ్చినంత సంతోషం.

చాలా ఏళ్ల తర్వాత స్టీవెన్సన్ ఈ నవల గురించి 1894లో రాసిన వ్యాసం చదివాను. 1881లో స్కాట్లండ్‌లోని బ్రేమర్‌లో రోజుకొకటి చొప్పున పదిహేను అధ్యాయాలు రాశాడట. పదహారో అధ్యాయం మొదటి పేరాల్లో కథ ఆగిపోయిందట. ఇక ఒక్క మాట కూడా రాలేదట. స్విట్జర్లాండ్‌లోని దావోస్ వెళ్లాకే పెన్ను మళ్లీ కదిలింది. రాసినవాడే ఆగిపోయిన చోట 11 ఏళ్ల పిల్ల ఆగిందంటే తన చదువులో లోపం ఏముంది? ఈ సంగతి మీ అమ్మాయికి తప్పకుండా చెప్పండి.

అసలు ఆ నవల పుట్టిందే పటం నుంచి. ముందు దీవి పటం గీసి, రంగులేసి, తర్వాత కథ అల్లాడు. అచ్చుకి పంపిన పటం పోతే, రాసిన కథలోంచి కొలతలు ఏరుకుని మళ్లీ గీయించాడు. అలాంటి పుస్తకాన్ని పటం తీసేసి అమ్మేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పటం కోసం ఒక్క పేజీ మిగల్చరు గానీ ఓడ తాళ్లకీ తెరచాపలకీ కింద బారెడు వివరణలు ఇస్తారు. తెరచాప పేరు తెలియనంత మాత్రాన ఏ పిల్లా పుస్తకం మూసెయ్యదు. ఎవరు ఎక్కడున్నారో తెలియకపోతేనే మూసేస్తుంది.

కుదించిన పుస్తకాలు ఇంకా ఘోరం. నేను చూసిన ఒకదాంట్లో డాక్టరు చెప్పే భాగమే లేదు. "తర్వాత మిత్రులు కోట చేరారు" అని ఒక్క వాక్యం, చివర్లో మాత్రం పాఠ్యపుస్తకంలో లాగా ప్రశ్నలు! పిల్లకి కష్టమైన చోట చెయ్యి పట్టుకోవాలి గానీ ఆ చోటునే కోసి పారేస్తే ఎలా?

పటం ఉన్న పూర్తి పుస్తకం దొరికితే అదే ఇవ్వండి. పదహారు నుంచి పద్ధెనిమిది దాకా మీరే పైకి చదివి వినిపించండి, డాక్టరు గొంతు కొంచెం మార్చి. పందొమ్మిది నుంచి మళ్లీ తన చేతికిచ్చెయ్యండి. ఇరవై రెండు నుంచి ఇరవై ఏడు వరకు జిమ్ ఒక్కడే మేకతోలు పడవ మీద బయల్దేరతాడు, అక్కడ అలలూ గాలీ దిక్కులూ కలగాపులగంగా వస్తాయి. ఆ ఆరు అధ్యాయాలకీ పటం పక్కన పరిచి, ఓడ ఎటు కొట్టుకుపోతోందో పెన్సిల్‌తో తననే గీసుకోమనండి.