పెయ్యల ఒంటిపై గరుకు బుడిపెలు: లంపీ కాదు, పులిపిర్లు

ప్రశ్న: మాకు ఐదు ఒంగోలు పెయ్యలున్నాయి. రెండు నెలలుగా మూడింటికి మెడ మీద, చెవుల మొదట్లో, మూతి చుట్టూ గరుకుగా చిన్న బుడిపెలు లేస్తున్నాయి. లంపీ చర్మ వ్యాధి అనుకుని, మందుల దుకాణంలో చెప్పిన ప్రకారం ఐదింటికీ మూడు రోజులు యాంటీబయాటిక్, డెక్సామెథాసోన్ ఇంజెక్షన్లు చేయించాము. బుడిపెలకు సున్నం, బట్టల సోడా కలిపి రాశాము. తగ్గకపోగా పెరిగాయి. ఒక పెయ్య ఏడు నెలల చూడిది. లంపీ టీకా ఇప్పుడు వేయించవచ్చా? ఇవి మనుషులకు అంటుకుంటాయా?
– ఒక రైతు, నాగులుప్పలపాడు మండలం, ప్రకాశం జిల్లా

జవాబు: మీరు పంపిన ఫొటోలలో కనిపిస్తున్నవి పులిపిర్లే, లంపీ కాదు. లంపీలో ముందు జ్వరం 40 డిగ్రీల సెంటిగ్రేడు దాటుతుంది, మేత తగ్గుతుంది, కళ్ల నుంచి, ముక్కు నుంచి నీరు కారుతుంది, ఆ తరువాత వక్కను చర్మం లోపల దాచినట్టు నున్నని గట్టి గడ్డలు ఒళ్లంతా లేస్తాయి. మీ పెయ్యలకున్నవి చర్మంపైకి లేచిన, కాలీఫ్లవరు పువ్వులా పగుళ్లు బారిన పొడి బుడిపెలు. ఒక ఫొటోలో అవి పలుపు ఒరుసుకున్న గీత వెంబడే వరుసగా ఉన్నాయి. వ్యాధి ఎలా పాకిందో ఆ గీతే చెబుతున్నది.

పులిపిర్లకు కారణం పాపిల్లోమా అనే వైరస్. ఇది ఎక్కువగా రెండేళ్లలోపు పశువులకు, చర్మం గీరుకుపోయిన చోట పట్టుకుంటుంది. పట్టిన ఒకటి నుంచి నాలుగు నెలలకు గాని బుడిపె కనిపించదు. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. డెక్సామెథాసోన్ పశువు రోగనిరోధక శక్తిని అణచివేస్తుంది కాబట్టి పులిపిర్లు పెరగడానికే తోడ్పడుతుంది. పైగా చూడి పశువుకు, అందులోనూ చివరి నెలల్లో, అది ఈసుకుపోయే (గర్భస్రావం) ప్రమాదం తెస్తుంది. పశువును కంటితో చూడకుండా, చూడిదో కాదో అడగకుండా ఈ మందు చేతికిచ్చిన దుకాణదారుడు చేసినది వైద్యం కాదు. ఆ ఇంజెక్షన్లు వెంటనే ఆపండి. చూడి పెయ్యకు మానం నుంచి జిగురు, రక్తం కనిపించినా, పొదుగు ఉన్నట్టుండి దిగినా 1962కు ఫోను చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలిపించండి.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టిన మాట ‘ఐదింటికీ’ అన్నది. ఐదింటికీ ఒకే సూది వాడి ఉంటే, బాగున్న రెండింటికీ వైరస్‌ను మీరే ఎక్కించి ఉండవచ్చు. పశువుకొక కొత్త సూది ఉండాలి. ఈ విషయంలో మినహాయింపు లేదు. మూడు పెయ్యలనూ వేరుగా కట్టి, వాటి పలుపులు, తలతాళ్లు కాల్చివేసి కొత్తవి వేయండి. కట్టుగుంజలను, గాడిని లీటరు నీటికి 20 మి.లీ. ఫార్మలిన్ కలిపి కడిగి, పూర్తిగా ఆరి వాసన పోయేవరకు పశువులను అక్కడికి రానివ్వకండి. ఒరుసుకునే ముళ్లతీగ ఉంటే తొలగించండి. గోమార్లను (పశువులను పట్టే పిడుదులను) అదుపు చేయండి.

సున్నం, సోడా పూత చర్మాన్ని కాల్చి పుండు చేస్తుంది. ఈగ వాలితే పురుగులు పడతాయి. ఇప్పటికే పుండైన చోట రోజుకు రెండుసార్లు పోవిడోన్ అయోడిన్ రాయండి. కాడ సన్నగా ఉండి వేలాడే పులిపిరికి మన పెద్దలు గుర్రపు వెంట్రుక కట్టే పద్ధతి మంచిదే. శుభ్రమైన పట్టుదారం బిగించినా కొద్ది రోజుల్లో ఎండి రాలుతుంది. ఇంకా పెరుగుతున్న వాటిని మాత్రం కోయించవద్దు, కోసిన చోటే మళ్లీ లేస్తాయి.

చాలావరకు పులిపిర్లు కొన్ని నెలల్లో, ఎక్కువలో ఎక్కువ ఏడాదిలోపు వాటంతట అవే రాలిపోతాయి. కంటికి, మూతికి అడ్డం వస్తేనో, గుత్తులుగా పెరుగుతుంటేనో పశువైద్యుడు మెడ సిర నుంచి 10 నుంచి 20 మి.లీ. రక్తం తీసి, గడ్డకట్టకముందే అదే పెయ్య తొడ కండలోకి ఎక్కిస్తారు. వారానికొకసారి చొప్పున నాలుగు వారాలు చేయాలి. అదే పశువు పులిపిరి నుంచి టీకా తయారుచేయించి చర్మం కింద వారం వారం ఇవ్వడం మరో మార్గం. రెండింటి ఫలితమూ అన్ని పశువుల్లో ఒకేలా ఉండదు. పులిపిర్లకు లిథియం యాంటిమొనీ థయోమలేట్ అనే ఇంజెక్షన్ గురించి దుకాణంలో చెబుతారు. డాక్టరు స్వయంగా చూసి ఇస్తే తప్ప వద్దు, చూడి పెయ్యకైతే నేను అసలు సిఫారసు చేయను.

లంపీకి ఇచ్చే మేక మశూచి టీకా పులిపిర్లను తగ్గించదు. అయినా లంపీ రాకుండా అది కావాలి: నాలుగు నెలలు దాటిన ఆరోగ్యమైన పశువుకు ఏడాదికొకసారి 1 మి.లీ. చర్మం కింద. డెక్సామెథాసోన్ పడింది కనుక కనీసం మూడు వారాలు ఆగి, జ్వరం లేదని చూసుకుని రైతు సేవా కేంద్రంలో వేయించండి. చూడి పెయ్యకు ఈనిన తరువాత వేయిద్దాం.

పశువుల పులిపిర్లు మనుషులకు అంటవు. మన పులిపిర్ల వైరస్ వేరు. చూడి పెయ్య ఈనేముందు చన్నులను ఒక్కొక్కటిగా వేళ్లతో తడిమి చూడండి. అక్కడ బుడిపె ఉంటే జున్నుపాలు పిండి గిన్నెతో దూడకు పట్టండి, ఆ ఆవును అన్నిటికంటే చివర పితకండి, పితికిన వెంటనే చన్నులను 0.5 శాతం అయోడిన్ ద్రావణంలో ముంచి, మీ చేతులు సబ్బుతో కడుక్కోండి.