మథేయుస్ గురించి రాస్తున్న తమ్ముడికి

ప్రియమైన తమ్ముడూ,

జర్మన్ ఫుట్‌బాల్ ఆటగాడు లోథార్ మథేయుస్ మీద నువ్వు పంపిన చిత్తుప్రతి చదివాను. 1961లో ఎర్లాంగెన్‌లో పుట్టాడని మొదలుపెట్టి క్లబ్బులూ కప్పులూ వరసగా చెప్పుకుపోయావు. అందులో ఆట ఉందిగానీ ఆడినవాడు కనబడలేదు. అదంతా వెనక్కి నెట్టి 1990 జూలై 8న, రోమ్‌లో మొదలుపెట్టు.

అర్జెంటీనాతో ప్రపంచ కప్ ఫైనల్. 85వ నిమిషంలో పశ్చిమ జర్మనీకి పెనాల్టీ. క్వార్టర్ ఫైనల్లో చెకొస్లొవాకియాను ఓడించిన ఏకైక గోలు కెప్టెన్ మథేయుస్ పెనాల్టీయే. సెమీస్‌లో ఇంగ్లండ్ మీద, సమమైన ఆటను పెనాల్టీలతో తేల్చే షూటౌట్లోనూ కొట్టాడు. అయినా ఆ రోజు బంతిని ఆంద్రియాస్ బ్రెమెకు వదిలేశాడు. కారణం బూటు. అలవాటైన జత అడుగు విరిగితే విరామంలో మార్చుకున్నాడు, కొత్తది కాలికి కుదరలేదు. బ్రెమె కుడికాలితో నేలబారుగా మూలకు కొట్టాడు. గోల్‌కీపర్ గొయ్‌కొచేయా సరైన వైపే దూకాడు, అందలేదు. 1-0. దీనికి నువ్విచ్చింది ఒకే ఒక్క వాక్యం! ఒక పేరా ఇవ్వు.

దాని పక్కనే 1984 జర్మన్ కప్ ఫైనల్ పెట్టు. బొరూసియా మున్షెన్‌గ్లాడ్‌బాఖ్ క్లబ్ తరఫున షూటౌట్లో అతను కొట్టిన బంతి గోల్ పైకమ్మీ మీదుగా పోయింది. ఎదురుగా ఉన్నది బయెర్న్ మ్యూనిక్, అంటే తను చేరబోయే జట్టు. అయితే ఆ పాత భయమే ఆరేళ్ళ తర్వాత వెనక్కి లాగిందని రాయకు. బూటని అతనే చెప్పాడు. అతని మనసులోకి దూరి మాటలు పుట్టించే హక్కు మనకు లేదు.

"మైదానమంతా తానే అయ్యాడు" అన్నది కొట్టెయ్. దాని బదులు 1990లో యుగోస్లావియాను 4-1తో ఓడించిన మ్యాచ్ చూడు. అతని రెండో గోలు దగ్గర ఆపి ఆపి చూస్తూ, బంతి ఎక్కడ అందింది, ఎవర్ని దాటాడు, ఎంత దూరం నుంచి కొట్టాడు అన్నవి రాసుకో. సొంత సగంలోంచి పరుగెత్తుకొచ్చి పెనాల్టీ ప్రాంతం బయటినుంచే కొట్టాడు. మిడ్‌ఫీల్డర్ అంటే ఏమిటో పాఠకుడికి ఆ పరుగే చెబుతుంది. ఆ మైదానం మిలాన్‌లోని సాన్ సిరో, అప్పటికి రెండేళ్ళుగా ఇంటర్ మిలాన్ క్లబ్ తరఫున అతను ఆడుతున్న చోటు. ఆ సంగతి తప్పక చెప్పు.

అంకెల్లో చాలామంది జారిపడే చోట్లున్నాయి. అయిదు ప్రపంచ కప్పులు ఆడిన మొదటివాడు అతను కాదు, మెక్సికో గోల్‌కీపర్ కార్బహాల్. మథేయుస్ 25 ప్రపంచ కప్ మ్యాచ్‌ల రికార్డును 2022లో మెస్సీ దాటేశాడు. యూరప్‌లో ఏటా ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ 1990ది, ఫిఫా ఇచ్చే ప్రపంచ ఉత్తమ ఆటగాడి అవార్డు 1991ది, రెండింటినీ కలపకు. దేశం తరఫున 150 మ్యాచ్‌లు, 23 గోల్స్. చివరి ఏళ్ళలో అతను మిడ్‌ఫీల్డ్ వదిలి వెనక లిబెరోగా, అంటే రక్షణ వరసకు వెనక స్వేచ్ఛగా కదిలే డిఫెండర్‌గా ఆడాడు, అది మరిచిపోతే 1998 నాటి ఆట అర్థం కాదు.

1999 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ జాగ్రత్త. బయెర్న్ 1-0తో ముందున్నప్పుడు, 80వ నిమిషంలో అతన్ని దించారు. 90 నిమిషాలు అయ్యాక రిఫరీ కలిపిన నిమిషాల్లో మాంచెస్టర్ యునైటెడ్ రెండు గోల్స్ కొట్టింది. దించడం వల్లే ఓడారని తేల్చెయ్యకు, వరస చెప్పి వదిలెయ్. ఆ కప్పు అతనికి ఎప్పుడూ దక్కలేదన్నది మాత్రం రాయి.

1982 ప్రపంచ కప్‌కు ఒక వాక్యం చాలు. తిరగరాసి పంపు.