రెజ్యూమె పంపాక ఫోన్ ఆగిపోకుండా చూసుకో

తమ్ముడూ,

కమర్షియల్ పైలట్ లైసెన్స్ వచ్చి ఐదు నెలలైంది, అరవై చోట్లకి రెజ్యూమె పంపినా ఒక్కరూ పలకలేదని రాశావు. నీ మాటల్లో నాకు ముందుగా కనిపించింది అప్పు. నేనూ అప్పు చేసే నేర్చుకున్నాను, ఇవాళ కెప్టెన్‌గా ఎగురుతున్నాను. కాబట్టి కాస్త చనువుగా చెప్తాను, విను.

నా మొదటి రెజ్యూమె మూడు పేజీలు. చదువు, బహుమతులు, ఆశయాలు అన్నీ రాసి, ఎగిరిన గంటలు ఆఖరి పేజీలో పెట్టాను. చీఫ్ పైలట్ కళ్లు వెతికేవి ఆ గంటలనే: మొత్తం ఎన్ని, పీఐసీ (విమానం బాధ్యత నీదిగా ఎగిరినవి) ఎన్ని, మల్టీ ఇంజిన్, ఇన్‌స్ట్రుమెంట్ (బయట చూడకుండా పరికరాల ఆధారంగా ఎగిరినవి), రాత్రివి ఎన్ని. అవి పైనుండాలి. కిందనే రేటింగులు (లైసెన్స్ మీద చేరే అదనపు అనుమతులు), క్లాస్ 1 మెడికల్ (పైలట్ ఆరోగ్య సర్టిఫికెట్) గడువు, ఇంగ్లీష్ లెవెల్, ఉద్యోగం అడుగుతున్న దేశంలో పనిచేసే హక్కు ఉందో లేదో రాయి. ఒక్క పేజీ చాలు. వీసా, లైసెన్స్ మార్పిడి నియమాలు ఆ దేశపు విమానయాన శాఖ సైటులో ఉంటాయి, చూసుకో.

సిమ్యులేటర్ గంటలు మొత్తంలో కలిపేయకు. నేను కలిపాను. ఇంటర్వ్యూలో నా లాగ్‌బుక్ (ఎగిరిన గంటలు రాసుకునే పుస్తకం) తెరిచి కూడిన కెప్టెన్‌కి ముప్ఫై గంటలు తేడా వచ్చింది. నేను మోసం చేయలేదు, లెక్క తెలియక రాశాను. కానీ అది ఆయనకి ఎలా తెలుస్తుంది? ఇంటర్వ్యూ అక్కడితో అయిపోయింది.

అంతకన్నా పెద్ద తప్పు డబ్బు దగ్గర చేశాను. వాయిదాలు కట్టలేక ఒక్కో ఖర్చూ తగ్గిస్తూ ఫోన్ నంబర్ మార్చేశాను. అప్పటికే నలభై చోట్ల పాత నంబర్ ఉంది. విమానాలు అద్దెకి నడిపే ఒక చిన్న చార్టర్ కంపెనీలో కో-పైలట్ హఠాత్తుగా మానేస్తే నాకు రెండుసార్లు ఫోన్ చేశారట. నెల తర్వాత నేనే వెళ్లి కలిస్తే ఈ సంగతి చెప్పారు. అప్పటికి వేరే అబ్బాయి ఆ సీట్లో ఉన్నాడు. ఆ నెల జీతంతో ఎన్ని వాయిదాలు తీరేవో నాకిప్పటికీ నోటికి వచ్చు.

ఫాలో-అప్ అంటే "నా అప్లికేషన్ ఏమైంది" అని వారం వారం అడగడం కాదు. నేనలా అడిగిన చోట్ల చివరికి ఫోన్ ఎత్తడం మానేశారు. నెలా నెలన్నరకోసారి ఏదో ఒక కొత్త కబురుతో రాయి: అప్పుడు 210 గంటలు, ఇప్పుడు 260, మల్టీ ఇంజిన్ రేటింగ్ వచ్చింది అని. నాలుగు వాక్యాలు, కొత్త రెజ్యూమె జతచేస్తే చాలు. చిన్న కంపెనీలైతే అడిగి, స్వయంగా వెళ్లి కలువు. ఎయిర్‌లైన్ కెప్టెన్‌కి కావాల్సిన ఏటీపీఎల్ లైసెన్స్‌కి ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) ప్రమాణం కనీసం 1,500 గంటలు. నీ గంటలతో పెద్ద ఎయిర్‌లైన్ల పోర్టళ్ల ముందే కూర్చోకుండా ఇన్‌స్ట్రక్టర్, సర్వే, చార్టర్ పనులూ వెతుకు. మీ బ్యాచ్‌లకి ఇలాంటి పనుల దగ్గర ఓపిక తక్కువ. నేను ఇన్‌స్ట్రక్టర్‌గా గడిపిన రోజులే నన్ను ఈ సీటుదాకా తెచ్చాయి.

ఇక డబ్బు. ఎగరకుండా కూర్చుంటే కరెన్సీ, అంటే ఈమధ్యే ఎగిరిన అనుభవం, పోతుంది. 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగులు లేనివాణ్ణి రేపే రమ్మని ఎవరు పిలుస్తారు? వాయిదా భారం తగ్గించమని బ్యాంకుతో ముందే మాట్లాడు. ఫోన్‌కీ, నెలకు రెండు గంటల ఫ్లయింగ్‌కీ డబ్బు పక్కన పెట్టాకే మిగతా ఖర్చులు చూడు.

రెజ్యూమెతో పాటు లాగ్‌బుక్ చివరి పేజీ ఫోటో కూడా నాకు పంపు. గంటలు సరిపోలాయో లేదో ముందు అది చూద్దాం.