పదకొండు అడుగుల గదిలో అటక మీద పడక

ప్రశ్న: చెన్నై చింతాద్రిపేటలో మద్రాసు టెర్రస్ కప్పు ఉన్న పాత ఇంట్లో, 10 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు గల ఒకే గదిలో నేను, నా భార్య, ఏడేళ్ల మా అబ్బాయి అద్దెకు ఉంటున్నాము. గది ఎత్తు 11 అడుగులు. లక్ష రూపాయల లోపు అటక వేయించి పైన పడుకోవాలని మా ఆలోచన. కప్పు దూలాలకు వేలాడదీస్తే చవకని వడ్రంగి అంటున్నాడు. తమరి సలహా కోరుతున్నాను.

జవాబు: ఆ ఒక్క పని మాత్రం చేయించకండి. మద్రాసు టెర్రస్‌లో టేకు దూలాల మీద ఇటుకలను అంచున నిలబెట్టి ఐమూలగా పేర్చి, సున్నంతో కట్టి, ఆపైన ఇటుక ముక్కల జల్లి వేసి దిమ్మిస కొడతారు. దూలాలకు ఆ బరువే చాలు. పైగా గోడలో దిగిన కొసలు చెమ్మకు పుచ్చిపోయినా బయటికి కనపడదు. అటక తన కాళ్ల మీద తాను నిలబడాలి.

ఇంతకీ ఆ 11 అడుగులు దూలాల నడుమ కప్పు దాకా కొలిచారా, దూలం కింది అంచు దాకా కొలిచారా? నుదుటికి తగిలేది దూలమే. దాని కిందికి పదిన్నర అడుగులు దక్కితే, కింద ఆరున్నర, చట్రానికి 4 అంగుళాలు, పైన 3 అడుగుల 8 అంగుళాలు ఉంచండి. ఎత్తును చెరిసగం పంచితే రెండు చోట్లా వంగి తిరగవలసి వస్తుంది. నివాస గది ఎత్తు 2.75 మీటర్లకు తగ్గకూడదని జాతీయ భవన నియమావళి చెబుతుంది కనుక, దీన్ని గది అనుకోకుండా ఎత్తైన మంచం అనుకోండి.

గది చివర 10 అడుగులకు 6 అడుగుల మేర చాలు. ఇనుప చదరపు గొట్టాలతో, పొడుగు వైపుల మధ్యలో కూడా ఒక్కో కాలు పెట్టించి, వెల్డింగ్‌కు బదులు బోల్టులతో బిగించమనండి. ఇల్లు మారినప్పుడు విప్పి తీసుకుపోవచ్చు. ఉప్పుగాలికి కోసిన కొసలే ముందు తుప్పు పడతాయి కాబట్టి వాటికీ ప్రైమర్ పూయించండి. డబ్బు ఇక్కడ ఖర్చుపెట్టి, అలమరాల తలుపులకు బదులు కర్టెన్లతో సరిపెట్టుకోండి. సీలింగ్ ఫ్యాను అటకకు దగ్గరగా ఉంటే తీసేసి గోడ ఫ్యాను పెట్టించాలి. పిల్లవాడు చెయ్యి చాపితే రెక్కలకు అందకూడదు. అటక అంచుకు కటకటాలు తప్పనిసరి.

నాకున్న సందేహం వేడి గురించి. పగలంతా కాగిన కప్పు రాత్రి ఆ వేడిని కిందికి వదులుతుంది. పని మొదలుపెట్టే ముందు, మే నెలలో రాత్రి 10 గంటలకు నిచ్చెన వేసుకుని దూలాల దగ్గర పావుగంట ఉండి చూడండి. ఊపిరాడకపోతే పడకను కిందనే ఉంచి, అటకను పెట్టెలకు, పరుపులకు వదిలేయండి.