ప్రకటనకు పెట్టిన డబ్బు ఎటు పోతోంది?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఈసారి అమ్మేవాళ్లూ రాశారు, కొనేవాళ్లూ రాశారు. పచ్చళ్ల ప్రశ్నకు జవాబు పొడుగైంది. చీరలైనా స్వీట్లైనా ఇంటి నుంచి అమ్మేవాళ్లందరికీ అదే లెక్క కాబట్టి కుదించలేదు.

ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్ముతున్నాను. ఇన్‌స్టాగ్రామ్‌లో రోజుకు రూ.500 చొప్పున వారం రోజులు బూస్ట్ చేశాను (డబ్బు కట్టి పోస్టును ఎక్కువమందికి చూపించాను). ‘ప్రైస్ ప్లీజ్’ అంటూ మెసేజ్‌లు కుప్పలుగా వచ్చాయి గానీ ఆర్డర్లు 18 దాటలేదు. లోపం ఎక్కడుంది? – ఒక గృహిణి, తణుకు

ముందు లెక్క చూద్దామండీ. వారానికి 3,500, దాని మీద 18 శాతం జీఎస్టీ 630. మొత్తం 4,130. పద్దెనిమిది ఆర్డర్లకు పంచితే ఒక్కో ఆర్డరు తెచ్చుకోవడానికి దాదాపు 229 రూపాయలైంది. మీ ధరలు రాయలేదు కాబట్టి ఉదాహరణకు అరకిలో ఆవకాయ 300 అనుకుందాం. సరుకుకు 150, పౌచ్, అట్టపెట్టె, టేపు కలిపి 25, కొరియర్‌కు 70. మిగిలేది 55. అంటే అరకిలో కొన్న ప్రతి కొత్త మనిషి మీదా మీకు 174 నష్టం. ప్రకటనకు ఇంకా డబ్బు పెట్టి ఆర్డర్లు పెంచుకున్నా ఇదే వరసలో నష్టమూ పెరుగుతుంది.

కాబట్టి మార్చాల్సింది మొదట ప్రకటన కాదు, అమ్మే పద్ధతి. కొత్తవాళ్లకు అరకిలో విడిగా ఇవ్వడం మానేసి, మూడు అరకిలోల కాంబో పెట్టండి: ఆవకాయ, గోంగూర, ఉసిరి. ధర 900, సరుకు 450, ప్యాకింగ్ 40, కొరియర్ 130 వేసుకుంటే 280 మిగులుతుంది. ప్రకటన ఖర్చు పోగా యాభై చేతికొస్తుంది. కాంబో అనగానే కొందరు వెనక్కి తగ్గుతారు, తగ్గనివ్వండి. అసలు లాభం రెండో ఆర్డరులో ఉంది, దానికి ప్రకటన ఖర్చు ఉండదు. అందుకే కొన్నవాళ్ల పేరు, ఏం కొన్నారు, ఎప్పుడు కొన్నారు అన్నది ఒక పుస్తకంలోనో ఎక్సెల్ షీట్‌లోనో రాసుకోండి. ఒక ఇంట్లో అరకిలో ఎన్నాళ్లకు అయిపోతుందో రెండు మూడు ఆర్డర్లు చూస్తే తెలిసిపోతుంది. ఆ సమయానికి ఒక్క మెసేజ్ చాలు.

ఇక ప్రకటన సంగతి. బూస్ట్ బటన్ నొక్కినప్పుడు మీకేం కావాలో అడుగుతుంది: ప్రొఫైల్ చూడటమా, వెబ్‌సైటుకు వెళ్లడమా, మెసేజ్‌లా అని. మెసేజ్‌లు అంటే మెసేజ్‌లు పెట్టే అలవాటున్నవాళ్లనే వెతికి తెస్తుంది. వాళ్లు కొంటారా లేదా అన్నది దానికి తెలియదు. ఆ జల్లెడ మీరే పట్టాలి. బొమ్మ మీదే ధర, బరువు, కొరియర్ చార్జీ పెద్ద అక్షరాల్లో వేయండి. మెసేజ్‌లు తగ్గిపోతాయి, ఒక్కో మెసేజ్‌కు పడే ఖర్చు పెరిగినట్టు కనిపిస్తుంది. కంగారు పడొద్దు. చూడాల్సిన అంకె ఒక్కో ఆర్డరుకు అయిన ఖర్చు. అది ఆ యాప్ చూపించదు, మీ పుస్తకమే చూపించాలి.

ఎవరికి చూపిస్తున్నారన్నది ఇంకో సంగతి. తణుకు చుట్టుపక్కల చూపిస్తే ఏం లాభం? అక్కడ ఎవరింట్లో జాడీ వాళ్లకుంది. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై పెట్టి, భాష దగ్గర తెలుగు ఎంచుకోండి. ఇది బూస్ట్‌లో కంటే యాడ్స్ మేనేజర్‌ (ప్రకటనలు నడపడానికి ఉన్న విడి పేజీ)లో బాగా కుదురుతుంది. రోజుకు 500ను అయిదు ప్రకటనలకు ముక్కలు చేయకండి. వారానికి యాభై దాకా ఫలితాలు వస్తే గానీ ఒక ప్రకటన లెక్క కుదురుకోదని ఇన్‌స్టాగ్రామ్‌ను నడిపే మెటా సంస్థే చెబుతుంది. ముక్కలు చేస్తే ఏదీ అక్కడిదాకా రాదు. రోజూ ఏదో ఒకటి మార్చినా మళ్లీ మొదటికొస్తుంది. వారానికి ఒకటే మార్పు చేయండి.

కొరియర్ బరువు దగ్గర చాలామంది దెబ్బతింటున్నారు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తే వచ్చేది ‘వాల్యూమెట్రిక్’ బరువు. తూకం బరువు, ఇది – రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే చార్జీ. అరకిలో పచ్చడిని 20×15×15 పెట్టెలో పెడితే 900 గ్రాములు అవుతుంది, అరకిలో స్లాబుల లెక్కన కిలోకు కడతారు. మూడు అరకిలోలు 25×20×15 పెట్టెలో పడితే ఈ లెక్కన కిలోన్నరే, పచ్చడి బరువూ అంతే కాబట్టి గాలికి చార్జీ కట్టనక్కర్లేదు.

నూనె కారడం మీద మీరు అడగలేదు గానీ, చెడ్డ రివ్యూలు ఎక్కువగా వచ్చేది దానికే. సీలు వేసే చోట నూనె చుక్క ఉంటే ప్లాస్టిక్ అతుక్కోదు, చూడ్డానికి మాత్రం అతుక్కున్నట్టే ఉంటుంది. గరాటు పెట్టి నింపండి, అంచు పొడి గుడ్డతో తుడవండి, పైన రెండంగుళాలు ఖాళీ వదిలి రెండు వరసల సీలు వేయండి, దాన్ని ఇంకో పౌచ్‌లో పెట్టండి. ఆవకాయ మూడో రోజు తిరగకలిపి, నూనె పైకి తేలాకే ప్యాక్ చేయండి. కలిపిన రోజే పంపితే ముక్క ఊట దిగి, పౌచ్‌లోనే కొలత మారిపోతుంది.

డబ్బు వచ్చిందని అవతలివాళ్లు పంపే స్క్రీన్‌షాట్ నమ్మొద్దు. దొంగ స్క్రీన్‌షాట్లు తయారుచేసే యాప్‌లున్నాయి, మీ ఖాతాలో పడిందో లేదో చూశాకే పార్సిల్ కట్టండి. క్యాష్ ఆన్ డెలివరీ ఇస్తే కనీసం కొరియర్ చార్జీ ముందే తీసుకోండి. వద్దని తిప్పి పంపిన పార్సిల్‌కు రానూపోనూ ఖర్చు మీ నెత్తినే పడుతుంది. ఇంటి వంటగదే అయినా ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ తప్పదు. ఆ 14 అంకెల నంబరు, దినుసులు, నికర బరువు, ఎమ్మార్పీ, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలి, మీ చిరునామా, పచ్చచుక్క – ఇవన్నీ లేబుల్ మీద ఉండాలి.

పది నిమిషాల్లో తెచ్చే యాప్‌లు వచ్చాక మా కిరాణా కొట్టు బేరం తగ్గింది. వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుంటే నిలబడగలమా? – ఒక దుకాణదారు, ఉప్పల్

వాట్సాప్ పెట్టగానే బేరం తిరిగి రాదు. ముందు ఏ సరుకు తగ్గిందో పాత బిల్లులు తిరగేసి చూడండి. సాధారణంగా పోయేవి చిప్స్, కూల్‌డ్రింకులు, సబ్బులు, రాత్రిపూట గుర్తొచ్చే పాల ప్యాకెట్లు. బియ్యం బస్తా, విడి పప్పులు, బెల్లం, చింతపండు అంత తేలిగ్గా పోవు. చూసి, నలిపి, వాసన పట్టి కొనే సరుకులవి. నెల సరుకుల చీటీ రాసే అలవాటు తగ్గి, అయిపోయినప్పుడల్లా ఒకటీ రెండూ తెప్పించుకునే అలవాటు వచ్చింది. యాప్‌లు గెలుస్తున్నది ఆ చిల్లర కొనుగోళ్ల దగ్గరే. సబ్బు ధర దగ్గర వాళ్లతో పోటీ పడకండి. యాప్‌లో పైన కనిపించడానికి కంపెనీలు వాళ్లకు డబ్బు కడతాయి, మీకు కట్టవు. అయితే చిన్న ఆర్డర్ల మీద డెలివరీ, హ్యాండ్లింగ్, స్మాల్ కార్ట్ అంటూ వేసే చార్జీలు చివరి బిల్లులో కనిపిస్తాయి. ఆ చివరి అంకెతో పోల్చి చూడమని మీ ఖాతాదారులకు చెప్పడంలో తప్పులేదు.

మామూలు వాట్సాప్ కాదు, వాట్సాప్ బిజినెస్ వాడండి, ఉచితమే. కేటలాగ్‌లో 500 రకాల దాకా పెట్టుకోవచ్చు గానీ పెట్టకండి. ధరలు మార్చలేక చేతులెత్తేస్తారు. మీకు పేరు తెచ్చే 30, 40 సరుకులు చాలు. బ్రాడ్‌కాస్ట్ జాబితా ఒక్కోదానికి 256 మంది. మీ నంబరు తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. ‘పంపాను, ఎవరూ చూడలేదు’ అనే ఫిర్యాదుకు చాలావరకు కారణం ఇదే. క్యూఆర్ స్టాండ్ మీదే నంబరు అంటించి, డబ్బు కడుతుండగానే సేవ్ చేయించండి. జాబితాలు వీధుల వారీగా, అపార్టుమెంట్ల వారీగా వేరు చేయండి. వారానికి రెండు మెసేజ్‌లు మించొద్దు, శుభోదయం పూలు అసలే వద్దు. ‘కొత్త చింతపండు దిగింది, గింజ లేదు, కిలో ఇంత’ అని ఫొటో పెడితే చదువుతారు. ఎక్కువమంది మిమ్మల్ని బ్లాక్ చేస్తే నంబరుకే ఎసరు రావచ్చు.

పెద్దవాళ్లు వాయిస్ మెసేజ్‌లోనే చీటీ చెబుతారు. దాన్ని కాగితం మీద రాసి, ఆ కాగితం ఫొటో తిరిగి పంపి ‘సరేనా అమ్మా’ అని అడగండి. మినప్పప్పు బదులు పెసరపప్పు వెళ్లే గొడవ తప్పుతుంది. వాట్సాప్ బిజినెస్‌లో చాట్‌లకు ‘పంపాలి’, ‘డబ్బు రావాలి’ అని రెండు లేబుళ్లు పెట్టుకుంటే అరువు లెక్క కూడా తేలుతుంది.

మా చేనేత చీరల కొట్టుకు వంద ఫైవ్‌స్టార్ రివ్యూలు రాయిస్తామని ఒకరు ఫోన్ చేశారు. రాయించుకోవచ్చా? – మంగళగిరి నుంచి ఒక పాఠకుడు

వద్దు. ఒకే వారంలో ఊరూపేరూ లేని ఖాతాల నుంచి వంద రివ్యూలు పడితే గూగుల్ పసిగట్టి తీసేస్తుంది, ఒక్కోసారి కొత్త రివ్యూలు రాకుండా కూడా ఆపేస్తుంది. ‘రివ్యూ రాస్తే పది శాతం తగ్గింపు’ అనడం కూడా దాని నిబంధనలకు విరుద్ధమే. ఇంతకీ మ్యాప్స్‌లో ఎవరు పైన కనిపించాలన్నది మూడింటిని బట్టి ఉంటుంది: వెతికిన మాటకు మీ కొట్టు ఎంత సరిపోతుంది, ఎంత దూరంలో ఉంది, ఎంత పేరుంది. రివ్యూలు మూడోదాంట్లో ఒక భాగమే. మొదటిది పూర్తిగా మీ చేతిలో ఉంది. కేటగిరీ ‘బట్టల దుకాణం’ అని కాక ‘చీరల దుకాణం’ అని పెట్టండి. మ్యాప్‌లో మీ కొట్టు పిన్ను సందు మొదట్లో కాకుండా గుమ్మం మీద ఉండాలి. పండగ రోజుల వేళలు ముందే మార్చండి. తెరిచి ఉందని చూసి గుంటూరు నుంచి వచ్చి తాళం చూసినవాళ్లు రాసే రివ్యూ మీరు ఊహించుకోగలరు.

రివ్యూ అడగడానికి సరైన సమయం చీర మడత పెట్టి సంచిలో వేసేటప్పుడు కాదు. కట్టుకున్నాక. నాలుగైదు రోజులాగి లింకు పంపండి. చెడ్డ రివ్యూ పడితే దాని పక్కనున్న మూడు చుక్కల మీద నొక్కి రిపోర్ట్ చేయొచ్చు గానీ, అబద్ధమో బూతో అయితేనే ఫలితం. రంగు పోయిందని నిజంగా రాస్తే అక్కడే మర్యాదగా జవాబివ్వండి. దాన్ని చదివేది రాసినవాళ్లకంటే కొత్తగా వచ్చేవాళ్లే ఎక్కువ.

రూపాయి కట్టి ఒక యాప్ ట్రయల్ తీసుకున్నాను. నచ్చక యాప్ తీసేశాను. అయినా ఖాతాలోంచి రూ.499 పోయింది. – ఒక విద్యార్థి, హనుమకొండ

యాప్ తీసేస్తే చందా ఆగదు. ఆ రూపాయి కట్టేటప్పుడు మీరు పిన్ కొట్టింది రూపాయికే కాదు, ఆటోపే అనుమతికి కూడా. ఒకసారి అనుమతి ఇచ్చాక 15,000 దాకా మళ్లీ పిన్ అడగకుండానే తీసుకోవచ్చు. అయితే డబ్బు తీసే 24 గంటల ముందు సమాచారం పంపాలన్న నిబంధన ఉంది. మెసేజ్‌లు వెతకండి, వచ్చే ఉంటుంది.

ఇప్పుడు మీ యూపీఐ యాప్‌లో ప్రొఫైల్‌లోకి వెళ్లి ‘ఆటోపే’ లేదా ‘మాండేట్స్’ తెరవండి. ఆ పేరు మీద నొక్కి ‘రివోక్’ లేదా ‘క్యాన్సిల్’ ఇచ్చి పిన్ కొట్టండి. ‘పాజ్’ కాదు, అది కొన్నాళ్లకే. రెండు మూడు యూపీఐ యాప్‌లుంటే ఏ యాప్‌తో అనుమతి ఇచ్చారో ముందు అందులో చూడండి. కార్డుతో కట్టి ఉంటే బ్యాంకు సైటులో ‘ఈ–మాండేట్’ విభాగంలో, ప్లేస్టోర్ ద్వారా అయితే ‘పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్’లో ఉంటుంది.

పోయిన డబ్బు కోసం ముందు ఆ కంపెనీకే రాసి, జవాబు స్క్రీన్‌షాట్ దాచుకోండి. డబ్బు తిరిగి రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. చేరడం తేలిక, మానడం కష్టం అనేలా చందా పెట్టడాన్ని 2023 నవంబరులో కేంద్రం నిషేధించిన 13 ‘డార్క్ ప్యాటర్న్‌’ల (కొనేవాళ్లను బోల్తా కొట్టించే ఎత్తుగడల) జాబితాలో చేర్చారు. ఫిర్యాదులో ఆ మాట, ‘సబ్‌స్క్రిప్షన్ ట్రాప్’ అని, రాయండి.

మిక్సీ కొందామని ఇంట్లో మాట్లాడుకున్నాం. సాయంత్రానికి ఫోన్లో మిక్సీ ప్రకటనలు. ఫోన్ వింటోందా? – విశాఖపట్నం నుంచి

వినాల్సిన పనే లేదు. ఇంట్లో ఒకరు ఎక్కడో మిక్సీ ధర చూసి ఉంటారు. ఒకే వైఫై వాడే ఫోన్లను ఒక ఇల్లుగా లెక్కగట్టడం ప్రకటనల కంపెనీలకు మామూలే. మీరు కొట్లో ఇచ్చిన ఫోన్ నంబరును ఆ కొట్టువాళ్లే ప్రకటనల కోసం ఎక్కించి ఉండొచ్చు. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, గూగుల్, యాడ్స్‌లోకి వెళ్లి ‘డిలీట్ అడ్వర్టైజింగ్ ఐడీ’ నొక్కండి. ఐఫోన్‌లో ‘ట్రాకింగ్’ కింద అన్నిటికీ ఆపేయండి. ప్రకటనలు ఆగవు, వెంటపడటం తగ్గుతుంది. 2021 ఏప్రిల్‌లో యాపిల్, యాప్‌లు ట్రాకింగ్‌కు ముందు అనుమతి అడగడాన్ని తప్పనిసరి చేశాక, దానివల్ల 2022లో తమ రాబడి దాదాపు వెయ్యి కోట్ల డాలర్లు తగ్గొచ్చని మెటా చెప్పుకుంది. ఆ బటన్ విలువ ఎంతో దీన్నిబట్టి తెలుస్తుంది.

షాపింగ్ మాల్‌లో ఫోన్ నంబరు చెప్పకపోతే బిల్లు రాదంటున్నారు. ఇవ్వాలా? – గుంటూరు నుంచి

అక్కర్లేదు. నంబరు ఇవ్వనంటే అమ్మననడం సరికాదని 2023 మేలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ దుకాణాలకు స్పష్టంగా చెప్పింది. ‘నంబరు లేదు, కాగితం బిల్లు ఇవ్వండి’ అంటే చాలు. ఇప్పటికే ఇచ్చి, మెసేజ్‌లతో విసిగిపోతుంటే 1909కు ఫోన్ చేసిగానీ టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వాళ్ల డీఎన్‌డీ యాప్‌లోగానీ ప్రచారాలను ఆపించుకోండి. మెసేజ్ పంపినవారి పేరు చివర ‘పి’ అనే ఇంగ్లిష్ అక్షరం ఉంటే అది ప్రచారం, ‘టి’ ఉంటే లావాదేవీ. ఆపమన్నాక కూడా వస్తే, వచ్చిన ఏడు రోజుల్లోపు అదే యాప్‌లో ఫిర్యాదు చేయాలి.