తపాలాలో వచ్చిన వైద్యం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండులోనూ మన దేశంలోనూ అమ్ముడుపోయిన పేటెంటు మందుల మీద పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: ఆ మందుల్లో ఏముందో ఎవరికీ చెప్పేవారు కాదంటారు. మరి పేటెంటు ఎలా ఇచ్చారు? పాత ప్రకటనల్లో ‘1 షిల్లింగు 1½ పెన్నీ’ అనే వింత ధర ఎందుకు కనిపిస్తుంది?

జవాబు: వాటిలో చాలావాటికి పేటెంటే లేదు. పేటెంటు కావాలంటే తయారీ విధానం రాసి ప్రభుత్వానికి ఇవ్వాలి. దాన్ని ఎవరైనా చదవచ్చు, గడువు తీరాక ఎవరైనా చేసుకోవచ్చు. రహస్యమే పెట్టుబడిగా బతికే వ్యాపారికి అది గిట్టదు. అందుకని పేరునూ లేబులునూ తన సొంతం చేసుకుని, లోపలి సరుకు సంగతి దాచేవాడు.

ఇక ధర సంగతి. ఇంగ్లండులో ఇలాంటి మందుల మీద స్టాంపు పన్ను 1783లో మొదలైంది. విక్టోరియా కాలంలో షిల్లింగు (12 పెన్నీలు) దాకా ఖరీదున్న మందుకు పన్ను పెన్నీన్నర. వ్యాపారి తన షిల్లింగుకు దాన్ని కలిపి ధర వేసేవాడు. పన్ను కట్టినట్టు ఒక కాగితపు పట్టీని మూత మీదుగా అంటించేవారు. దాన్ని చింపితే తప్ప మందు తెరవడం కుదరదు. ప్రభుత్వం పరీక్షించి ముద్ర వేసిందని జనం అనుకునేవారు. ఆ ముద్రకు అర్థం పన్ను అందిందని, అంతే. కంపెనీలు ఆ అపోహను తొలగించకపోగా, పట్టీ మీద తమ పేరు కూడా అచ్చు వేయించుకుని, అది లేని సరుకు నకిలీదని చాటుకున్నాయి.

లోపల ఏముందో చూడాలంటే బీచమ్ మాత్రలు తీసుకోండి. ‘పెట్టె ఒక్కటీ గిన్నీ చేస్తుంది’ అని వాటి ప్రకటన. గిన్నీ అంటే 21 షిల్లింగులు. బ్రిటిష్ వైద్య సంఘం వాటిని పరీక్ష చేయించి 1909లో ఫలితం అచ్చు వేసింది. ఒక్కో మాత్రలో అర గ్రెయిను ముసాంబరం, 0.55 గ్రెయిను శొంఠి పొడి, 0.18 గ్రెయిను సబ్బు పొడి. గ్రెయిను అంటే సుమారు 65 మిల్లీగ్రాములు. 56 మాత్రల పెట్టెలో సరుకు ఖరీదు అర ఫార్దింగు, అంటే పెన్నీలో ఎనిమిదో వంతు. ఈ లెక్కన పన్నే సరుకు ఖరీదుకు 12 రెట్లు. కొన్నవాడు ఇచ్చిన 1 షిల్లింగు 1½ పెన్నీ, అంటే పదమూడున్నర పెన్నీలు, 108 రెట్లు.

అయినా జనం ఎందుకు నమ్మారు? మాత్ర పనిచేసింది కాబట్టి. ముసాంబరం అంటే ఎండిన కలబంద పసరు, గట్టి విరేచనకారి. రాత్రి వేసుకుంటే తెల్లారేసరికి ఫలితం కళ్ళకు కనబడుతుంది. మలబద్ధకం వల్ల వచ్చిన తలనొప్పి అయితే తగ్గుతుంది కూడా. అదే మాత్ర కాలేయానికీ, గుండెదడకూ, నరాల నీరసానికీ పనిచేస్తుందని చెప్పడం దగ్గరే మోసం మొదలైంది.

ప్రశ్న: రోగిని చూడకుండా పోస్టులో వైద్యం ఎలా నడిచేది?

జవాబు: మన దేశంలో దీనికి దారి వేసినవి మూడు. 1877లో వి.పి.పి., అంటే సొమ్ము కట్టి విడిపించుకునే పార్సెలు, వచ్చింది. 1879లో పావు అణా కార్డు వచ్చింది. 1880లో మనియార్డర్ల పని తపాలా శాఖ చేతికి వచ్చింది. పత్రికలో ప్రకటన చూసిన మనిషి పావు అణా ఖర్చుతో ఊరి నుంచే కార్డు రాస్తాడు. కంపెనీ పార్సెలు కట్టి, రావలసిన సొమ్ము మీద రాసి పోస్టులో వేస్తుంది. ఇక్కడి పోస్టాఫీసు సొమ్ము తీసుకుని పార్సెలు ఇచ్చి, ఆ సొమ్మును మనియార్డరుగా అమ్మినవాడికి పంపుతుంది.

నిజాయితీ గల వ్యాపారికి ఇది గొప్ప సదుపాయం. కలకత్తాలో డాక్టర్ బర్మన్ 1884లో పెట్టిన డాబర్ లాంటి సంస్థలు దూరపు ఊళ్ళకు చేరింది తపాలా మీదే. కిటుకల్లా ఒక్కచోటే ఉంది. సొమ్ము కట్టాకే పార్సెలు విప్పాలి. లోపల బూడిద ఉన్నా పోస్టాఫీసుకు సంబంధం లేదు. రంగు నీళ్ళ వ్యాపారికి కావలసింది సరిగ్గా అదే. పుచ్చుకోనని తిప్పి పంపితే రానూపోనూ తపాలా ఖర్చు అమ్మినవాడి నెత్తిన పడేది. అందుకే ధరలో దాన్ని ముందే కలుపుకునేవారు.

రోగ లక్షణాలు రాసి పంపమని కొందరు అచ్చు కాగితం పంపేవారు. అందులో ప్రశ్నలు ఎలా ఉంటాయంటే, ఏ మనిషి అయినా సగానికి అవునని రాయక తప్పదు: ఉదయం లేవగానే బద్ధకమా, తిన్నాక బరువా, నిద్రలో కలలా? ఏం రాసినా వచ్చే మందు ఒకటే. ముఖ్యంగా మగవాళ్ళ బలహీనత పేరు చెప్పి చేసిన వ్యాపారంలో రోగి సిగ్గే కంపెనీకి రక్ష. మోసపోయినా ఎవరికీ చెప్పుకోడు. పైగా అతని చేతి రాత వాళ్ళ దగ్గరే ఉండిపోతుంది. డాక్టరు అని పెట్టుకోవడానికి అడ్డూ లేదు. ఇంగ్లండులో వైద్యుల రిజిస్టరు చట్టం 1858లోనే వచ్చినా, మద్రాసు రాష్ట్రంలో అలాంటిది వచ్చింది 1914లో.

ప్రశ్న: కలరాకు క్లోరోడైన్ వాడేవారట. గుణం ఇచ్చేదా?

జవాబు: నొప్పికి ఇచ్చేది, కలరాకు ఇచ్చేది కాదు. భారత సైన్యంలో పనిచేసిన డాక్టర్ జాన్ కాలిస్ బ్రౌన్ 1848లో దీన్ని చేశాడు. 1856లో తయారీ హక్కు లండనులోని మందుల వ్యాపారి డావెన్‌పోర్టుకు ఇచ్చాడు. అందులో నల్లమందు, మత్తిచ్చే ద్రవమైన క్లోరోఫారం, గంజాయి టింక్చరు (సారాలో తీసిన కషాయం) ఉండేవి. కడుపు మెలితిప్పడం ఆగుతుంది, విరేచనాలు మందగిస్తాయి, రోగి మత్తుగా పడుకుంటాడు. కానీ కలరాలో ప్రాణం తీసేది ఒంట్లోంచి నీరూ ఉప్పూ పోవడం. వాటిని తిరిగి ఇచ్చే గుణం ఈ చుక్కల్లో లేదు. రోగి నెమ్మదించాడని ఇంట్లోవాళ్ళు ఊపిరి పీల్చుకునే సమయానికి నాడి జారిపోతూ ఉండేది. బతికినవాళ్ళలో కొందరికి సీసా అలవాటైపోయేది.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. క్లోరోఫారం నీటికంటే దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు, నీటిలో సరిగా కలవదు. సీసా కుదపకుండా పోస్తే ఒక మోతాదు పలచగా, ఇంకొకటి మరీ ఘాటుగా పడుతుంది. చుక్కల లెక్క సరిగ్గా వేసినా మోతాదు తప్పడానికి ఇదొక దారి.

పసిపిల్లల మందు గురించి ఇద్దరు ముగ్గురు అడిగారు. అమెరికాలో 1849లో మొదలై ఇంగ్లండులో కూడా అమ్మిన మిసెస్ విన్‌స్లో సిరప్‌లో ఔన్సుకు సుమారు ఒక గ్రెయిను మార్ఫిన్ ఉండేది. అంటే చిన్న చెంచాడులో దాదాపు 8 మిల్లీగ్రాములు. ఈ రోజు పెద్దవాళ్ళకు మొదట ఇచ్చే మోతాదుకు సమానం. పళ్ళొచ్చే బిడ్డ ఏడుపు ఆపడానికి దాన్ని పట్టేవారు. కొందరు బిడ్డలు మళ్ళీ లేవలేదు.

ప్రశ్న: పోస్టాఫీసులోనే మందు అమ్మేవారన్నది నిజమా?

జవాబు: నిజం. 1892 నుంచి బెంగాలులో పోస్టాఫీసుల్లో క్వినైన్ పొట్లాలు పైసాకు, అంటే పావు అణాకు, అమ్మారు. మొదట్లో పొట్లానికి 5 గ్రెయిన్లు. ఆ కాలపు తపాలా వైద్యంలో మేము మనసారా మెచ్చుకునేది ఇదొక్కటే. పేరు, తూకం, ధర మూడూ బహిరంగం. లోపం వాడకంలో ఉంది. మలేరియా పూర్తిగా పోవాలంటే పెద్దవాళ్ళకు రోజుకు దాదాపు 30 గ్రెయిన్ల చొప్పున వారం రోజులు పడాలి; అంటే రోజుకు ఆరు పొట్లాలు. రెండు పొట్లాలకు జ్వరం దిగగానే మానేస్తే అది తిరగబెట్టేది.

జ్వరాలకు రహస్య మందుగా పేరు మోసిన వార్‌బర్గ్ టింక్చరు గుట్టు 1875లో బయటపడినప్పుడు, డజనుకు పైగా దినుసుల మధ్య అసలు పనిచేసేది క్వినైనే అని తేలింది.

ప్రశ్న: మన అమృతాంజనం కూడా ఆ కోవలోదేనా?

జవాబు: కాలం అదే, కోవ వేరు. కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1893లో బొంబాయిలో దాన్ని మొదలుపెట్టారు. అది పైన రాసుకునే బాము. కర్పూరం, పిప్పర్మెంటు పువ్వు లాంటివి చర్మం మీద చల్లదనం, వెచ్చదనం కలిగించి నొప్పి తెలియనివ్వవు. నుదుటికి రాసి తలనొప్పి తగ్గిందో లేదో ఎవరికి వారే తేల్చుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: కర్పూరం కడుపులోకి పోతే విషం, పిల్లలకు మరీను.

ప్రశ్న: అటక మీద మందు మిగిలిన నీలం సీసా దొరికింది. ఏం చేయాలి?

జవాబు: వాసన చూడకండి, మూత తీయకండి. అందులో క్లోరోఫారం ఉండవచ్చు. అది వెలుతురు, గాలి తగిలి ఏళ్ళ తరబడి నిలవుంటే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. చేతికి తొడుగు వేసుకుని, సీసాను నిలువుగా ఉంచి, పొడి ఇసుక పోసిన డబ్బాలో పెట్టి, రసాయనశాస్త్ర విభాగం ఉన్న కాలేజీని అడగండి. తూములో పారబోయవద్దు. తడిగుడ్డ పెడితే లేబులు పోతుంది. ముందు నాలుగు వైపులా ఫోటో తీసుకోండి. పక్కలకు నిలువు గీతలు తేలి ఉంటే అది విషం సీసా అయివుండవచ్చు. చీకట్లో తడిమినా తెలియాలని అలా పోసేవారు. గాజును అచ్చులో పోసినప్పుడు పక్కన పడే అతుకు గీత మెడ దగ్గరే ఆగిపోతే మూతి చేత్తో తీర్చినది, పెదవి అంచుదాకా వెళ్తే సాధారణంగా 1903 తర్వాత వచ్చిన యంత్రం పోసినది.