ట్రెడ్‌మిల్ పరీక్ష: రెండు చోట్ల రెండు అంకెలు ఎందుకు?

ప్రశ్న: ఒకే నెలలో రెండు చోట్ల ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకుంటే, గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం (తీవ్రంగా శ్రమించినప్పుడు శరీరం నిమిషానికి వాడుకోగల అత్యధిక ఆక్సిజన్) రెండు రకాలుగా వచ్చింది. దేన్ని నమ్మాలి?

జవాబు: పరీక్ష ఎలా నడిపారో ముందు అడిగి తెలుసుకోండి. బ్రూస్ పద్ధతి అనే ట్రెడ్‌మిల్ పరీక్షా విధానంలో గంటకు 2.7 కిలోమీటర్ల వేగం, 10 శాతం ఏటవాలుతో మొదలుపెట్టి, ప్రతి 3 నిమిషాలకూ రెండింటినీ ఒక్కసారిగా పెంచుతారు కాబట్టి, గుండె, ఊపిరితిత్తులు తమ హద్దును చేరకముందే పిక్కలు పట్టేసి కొందరు దిగిపోతారు; అప్పుడు వచ్చే అంకె అసలు సామర్థ్యం కన్నా తక్కువే. భారం కొద్దికొద్దిగా పెరుగుతూ 8 నుంచి 12 నిమిషాల్లో ముగిసే పరీక్షే నా దృష్టిలో మేలు. మాస్కు పెట్టి ఊపిరిని నేరుగా కొలవకుండా, నడిచిన సమయాన్ని బట్టి లెక్కగట్టినట్లయితే మాత్రం, పక్క కడ్డీని పట్టుకున్నవారి బరువును కొంత చేతులే మోస్తాయి గనుక, అంకె ఎక్కువగా వస్తుంది. వేళ్లు తెల్లబడేలా కడ్డీని బిగించి నడిచిన పరీక్షను నేనైతే లెక్కలోకి తీసుకోను.